మూడడుగుల నాలుగంగుళాలు

జీపుకు గొట్టం మొలిచిన రోజు నుంచీ హిల్ వ్యూ ఎన్‌క్లేవ్ పెద్దమనుషులకు నిద్ర కరువైంది. పేరుకు హిల్ వ్యూనే గాని, ఆ కాలనీలో కొండ కనపడాలంటే మూడో అంతస్తు ఎక్కి మెడ సాచాలి. అప్పుడు మౌలాలి గుట్ట గోరంత కనిపిస్తుంది. నీళ్లు చూడాలంటే మాత్రం ఎక్కడికీ ఎక్కనక్కర్లేదు. ఒక్క రాత్రి గట్టిగా కురిస్తే చాలు, నాలా పొంగి నీళ్లే గుమ్మం ముందుకొచ్చి నిలబడతాయి. ఒకప్పుడు అదంతా చెరువు శిఖం, చెరువు నిండితే మునిగే నేల. ఆ సంగతి చెరువుకు ఇంకా గుర్తుంది, కాలనీ సంఘానికే గుర్తు లేదు.

జీపు కొత్తదేం కాదు. కాలేబు పదిహేనేళ్ల కింద ఆర్మీ వేలంలో కొన్న పాత డీజిల్ బండి. కొత్తగా వచ్చిందల్లా ఆ గొట్టమే. బానెట్ కుడి పక్క నుంచి బయటికొచ్చి, అద్దం పక్కగా నిటారుగా లేచి, టాపు కంటే జానెడు ఎత్తున ముందుకు వంగి ఉంది. కాలనీ పిల్లలు అప్పుడే దానికి ఏనుగని పేరు పెట్టేశారు.

పొద్దున్నే నడకకు బయల్దేరిన రామభద్రరావుగారు దాన్ని చూసి ఆగారు. ఆయన పెద్ద ఉద్యోగం చేసి రిటైరై, ఆరేళ్లుగా సంఘానికి అధ్యక్షుడిగా ఉన్నారు. హదస్సా అప్పుడు జీపు కింద నుంచి తల బయటికి పెట్టింది. బడిలో లెక్కల టీచరు. వేసవి సెలవులు కాబట్టి చేతిలో సుద్దముక్కకు బదులు పానా ఉంది.

"ఏంటమ్మా టీచరుగారూ ఇది?"

"గొట్టమండీ."

"అది కనిపిస్తూనే ఉంది. ఎందుకని?"

"ఇంజను గాలి పీల్చుకోవడానికి. బానెట్ దాకా నీళ్లొచ్చినా గాలి మాత్రం పైనుంచే తీసుకుంటుంది."

"బానెట్ దాకా నీళ్లా? మన కాలనీలోనా?" అని ఆయన చిన్నపిల్ల మాట విన్నట్టు నవ్వారు.

హదస్సా లేచి నిలబడి, పానాతో తన ఇంటి ప్రహరీ గోడ చూపించింది. దాని మీద ఎర్ర రంగుతో అడ్డగీతలు, ఒక్కో గీత పక్కన ఒక్కో తేదీ. ఆ గీతలు మొదలుపెట్టింది ఆమె మామగారు, జకర్యా మాస్టారు. నీళ్లు వచ్చి ఎక్కడ ఆగితే అక్కడ గీత గీసేవారు. ఆయన పోయాక కోడలు ఆ పని మానలేదు. అన్నిటికంటే పై గీత 2020 అక్టోబరుది, మూడడుగుల పదంగుళాలు. కాలనీలో మిగతా గోడలన్నిటికీ నీళ్లు తీసిన వారంలోపే సంఘం ఖర్చుతో తెల్లసున్నం పడుతుంది. అది అక్కడి ఆచారం. సున్నం ఆరేసరికి నీళ్లొచ్చిన మాటా ఆరిపోతుంది.

రామభద్రరావుగారు గోడ వైపు చూడలేదు. గొట్టం వైపే చూసి, "బయటివాళ్లు చూస్తే ఏమనుకుంటారమ్మా?" అన్నారు.

బయటివాళ్లంటే ఎవరో హదస్సాకు తెలుసు. గేటు పక్కనే ఆయన బావమరిది ఐదంతస్తుల అపార్ట్‌మెంటు కట్టాడు, కింద సెల్లార్ పార్కింగ్‌తో సహా. ఆదివారాలు జనం ఫ్లాట్లు చూడ్డానికి వస్తారు. అంతెత్తు గొట్టం పెట్టుకున్న జీపు సందు మొదట్లో కనిపిస్తే, వంటగది ఎంత వెడల్పని అడగరు. ఈ గొట్టమెందుకని అడుగుతారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ ప్రశ్న ఎవరూ అడగకముందే ఈయన ఉలిక్కిపడుతున్నారు.

"నిజమే అనుకుంటారు" అని చెప్పి ఆమె మళ్లీ జీపు కిందికి దూరింది.

ఆమె మొండితనానికి కారణం ఇంట్లోనే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. ఆమె భర్త కాలేబుకు నలభై ఆరేళ్లు. ఇరవై రెండేళ్లు అల్వాల్‌లో షెడ్డు నడిపిన మెకానిక్కు. మూడేళ్ల కింద రెండు కిడ్నీలూ చేతులెత్తేశాయి. అప్పట్నుంచీ మంగళ, గురు, శనివారాలు డయాలసిస్. రోజుకు ఇన్ని గ్లాసులని కొలిచి నీళ్లు తాగాలి, ఎందుకంటే తాగింది బయటికి పోయే దారి ఆ మిషను ఒక్కటే. ఒక పూట తప్పితే నీరంతా ఒంట్లోనే ఉండిపోయి ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతుంది.

నిరుడు తప్పింది. సోమవారం రాత్రి వాన పడి, మంగళవారానికి సందంతా నడుం లోతు. పక్కింటివాళ్ల కారు అడిగి ఎక్కిస్తే, సందు మలుపులోనే అది నీళ్లు తాగి ఆగిపోయింది. పంపిస్తామని మున్సిపాలిటీవాళ్లు ఫోన్లో చెప్పిన పడవ రాలేదు. బుధవారం సాయంత్రానికి కాలేబు పడుకోలేకపోయాడు. పడుకుంటే మునిగిపోతున్నట్టుందన్నాడు. చుట్టూ నీళ్లు, లోపలా నీళ్లు, కూర్చున్న మనిషి నీళ్లలో మునగడం హదస్సా కళ్లతో చూసింది. చివరికి వాచ్‌మన్ వీరయ్య లారీ ట్యూబు మీద ఆయన్ని కూర్చోబెట్టి, మెయిన్ రోడ్డు దాకా లాక్కెళ్లాడు. నాలుగు రోజులు ఐసీయూలో ఉన్నాక బతికి బయటపడ్డాడు. ఇంకోసారి ఇట్లా అయితే గుండె తట్టుకోదని డాక్టరు ఆమెను పక్కకు పిలిచి చెప్పాడు.

ఇల్లు అమ్మేసి పొమ్మని చాలామంది సలహా ఇచ్చారు. అబద్ధం చెప్పి అమ్మడం ఆమెకు చేతకాదు, నిజం చెబితే కొనేవాడు లేడు. అందుకే ఐసీయూ ముందు బెంచీ మీద కూర్చునే నిర్ణయించుకుంది. వచ్చే ఏడు నీళ్లొస్తే, ఆ నీళ్లలోంచే పోతాం.

ఇక వేసవంతా అదే పని. కుర్చీలో కూర్చుని కాలేబు చెబుతాడు, కింద పడుకుని హదస్సా చేస్తుంది. రాణిగంజ్ నుంచి రబ్బరు పైపులు, క్లిప్పులు, సీలెంటు డబ్బాలు తెచ్చింది. బ్యాటరీని కింది నుంచి తీసి ఎత్తుకు మార్చింది. వైర్ల అతుకులన్నిటికీ గ్రీజు పూసి టేపు చుట్టింది. ఆక్సిళ్లకు, గేర్‌బాక్సుకు గాలి ఆడే చిన్న చిన్న మూతులుంటాయి. వేడెక్కిన ఇనుము చన్నీళ్లలో దిగగానే ఆ మూతుల్లోంచి నీళ్లు లోపలికి గుంజుకుంటుంది. వాటికి సన్న పైపులు తొడిగి, పైకి లాగి, బానెట్ కింద కట్టింది.

"నాకున్నట్టే దీనికి సుత పైపులు పెట్టినవ్" అన్నాడు కాలేబు.

"మీకంటే ఇదే నయం. మాట్లాడదు."

"జెర గట్టిగ బిగించు. చాక్‌పీస్ పట్టినట్టు పడ్తున్నవ్ పానా."

అన్నీ అయ్యాక పరీక్ష. ఇంజను షురూ చేయించి, కాలేబు ఆమెను స్టూలు ఎక్కమన్నాడు. "గొట్టం మూతి మీద అరచెయ్యి పెట్టి మూయి. ఊపిరాడక ఇంజను చావాలె. చస్తెనే మనం పాసైనట్టు."

హదస్సా మూసింది. ఇంజను కాస్త గొణిగి, మళ్లీ మామూలుగా కొట్టుకోసాగింది. రెండో చేయి కూడా పెట్టి మూసింది. అయినా చావలేదు.

కాలేబు ముఖం వాడిపోయింది. "ఇంకెక్కడ్నో గాలి తాగుతుంది. గాలి తాగే కాడ్నే రేపు నీళ్లు సుత తాగుతది. నీళ్లు గాలి లెక్క నలగవు హదస్సా, లోపలి ఇనుప రాడ్డే వంగుతది. గంతే, నడినీళ్లల్ల బండి ఖతం."

మూడు రోజులు వెతికారు. పంక్చరువాడు ట్యూబుకు చేసినట్టు ప్రతి అతుకుకీ సబ్బు నురగ పూసి, లోపలికి గాలి కొట్టి, బుడగ ఎక్కడ లేస్తుందో చూశారు. గొట్టం అతుకుల్లో ఎక్కడా లేవలేదు. కాలేబు తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నాడు. అతుకులన్నీ మంచిగున్నయ్, నీ చెయ్యే సరిగ్గ మూస్తలేదని వాదించాడు. ఆమె చేయి సరిగ్గానే మూస్తోంది. నాలుగో రోజు మబ్బు పట్టింది. హదస్సా దోమల చక్రం ముక్క వెలిగించి, ఇంజను నడుస్తుండగా దాన్ని గొట్టం వెంబడి మెల్లగా తిప్పుకుంటూ వచ్చింది. పొగ అన్నిచోట్లా పైకే లేచింది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా అడుగుకు తెచ్చేసరికి మాత్రం, పిలిచినట్టు నేరుగా లోపలికి పోయింది.

వేలితో మడ్డి గీకి చూసింది. శనగగింజంత చిల్లు. చూడగానే అది ఎవరి పనో తెలిసిపోయింది. అల్వాల్‌లో జీపున్న ప్రతివాడికీ తెలుసు కాలేబు చిల్లు. వానలో బానెట్ సందుల్లోంచి కారిన నీళ్లు ఫిల్టర్ డబ్బాలో నిలవకుండా, తన షెడ్డుకు వచ్చిన ప్రతి బండికీ అడుగున ఆ చిల్లు వేసి, "ఇగ మీ బండికి జలుబు చెయ్యదు సార్" అని పంపేవాడు. ఇరవై రెండేళ్లు అదే అతని సంతకం. మామూలు వానకు అది మందే. పీకల్లోతు నీళ్లలో అదే విషం.

"ఏమైంది? దొరికిందా?" అన్నాడు కాలేబు.

"మీ చిల్లే."

అతను కుర్చీ ముందుకు జరుపుకుని బానెట్‌లోకి తొంగి చూశాడు. తర్వాత మాట వచ్చినా అది అతని మాటలా లేదు. "ఇంతమందికి పెట్టినోన్ని, నా బండికి పెట్టింది యాద్ మర్చిన. ఒంటితోని పాటు బుర్ర సుత పోతుందా హదస్సా?"

అతనికి భయమేసిందని ఆమెకు తెలిసింది. మూడేళ్లలో సూదులకు భయపడలేదు, మిషనుకు భయపడలేదు. తన పని తాను మరచిపోయినందుకు భయపడ్డాడు. ఇప్పుడు ఆమె ఏడిస్తే ఇద్దరూ కూలబడతారు.

"బుర్ర పోయినవాడికి నన్ను తిట్టడం మాత్రం ఎట్లా గుర్తుందండీ? మూడు రోజులు నా చేతిని తిట్టారు. దానికి ముందు సారీ చెప్పండి."

కాలేబు ఆమె నల్లబడ్డ అరచేతిని తీసుకుని, సారీ అని దానికే చెప్పాడు. హదస్సా చిల్లులో రబ్బరు వాషరేసి బోల్టు బిగించి, పైన సీలెంటు పూసి, ఆరాక మళ్లీ స్టూలు ఎక్కింది. ఈసారి అరచేయి పెట్టీ పెట్టగానే గొట్టం దాన్ని గుంజి పట్టుకుంది. జీపు ఒక్కసారి వణికి చచ్చింది. ఇంజను చచ్చినందుకు చప్పట్లు కొట్టుకున్న మొగుడూ పెళ్లాలు సికింద్రాబాద్ మొత్తంలో వాళ్లిద్దరే అయి ఉంటారు.

ఆ ఆదివారమే సంఘం మీటింగు. అభ్యంతరకరమైన మార్పులు చేసిన వాహనాన్ని సందులో నిలుపుట వలన కాలనీ ప్రతిష్ఠకు భంగమనీ, వారంలోగా సదరు గొట్టం తొలగించాలనీ రామభద్రరావుగారు చదివి వినిపించారు.

హదస్సా లేచింది. "మన కాలనీకి నీళ్లు రావంటారు కదండీ?"

"రావు. అప్పుడప్పుడు వాన నీళ్లు నిలుస్తాయి. నీళ్లు నిలవడం వేరు, వరద వేరు. చదువుకున్నవారు, మీకు చెప్పాలా?"

"రానప్పుడు నా గొట్టం ఉత్త అలంకారమే కదా. కొందరు బండికి నిమ్మకాయలు కట్టుకుంటారు, నేను గొట్టం కట్టుకున్నాను. మీకేం తక్లీఫ్?"

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. రామభద్రరావుగారి చెవులు ఎర్రబడ్డాయి. "అందరిదీ ఒక దారైతే మీదొక దారా? ఇంతమంది ఇళ్ల విలువ..."

"నిలిచిన నీళ్లకూ వరదకూ తేడా మీకు తెలుసేమో. నిరుడు మా ఆయన ఊపిరితిత్తులకు తెలియలేదు" అంది హదస్సా. "గొట్టం తీయను. జీపు జరపను. రాసుకోండి."

బయటికి వచ్చాక ఎదురింటి కమలాబాయి ఆమె చేయి పట్టుకుంది. "నువ్వన్నది నిజమే బిడ్డా. గానీ మేం సుత ఇల్లు అమ్ముదామనుకుంటున్నం. అందుకే నోరు మూసుకున్న" అంది. ఆ మాటకు హదస్సాకు రామభద్రరావు మీద వచ్చినదానికంటే ఎక్కువ కోపం వచ్చింది. పళ్లు బిగించి, "వానలొస్తున్నాయి పిన్నీ, బియ్యం పైన పెట్టుకోండి" అని మాత్రం అంది.

ఆగస్టులో ఒక బుధవారం సాయంత్రం మొదలైన వాన గురువారం తెల్లారినా ఆగలేదు. ఆరు గంటలకు వీరయ్య ఫోన్ చేశాడు. "టీచరమ్మా, నా రూముల మంచం మునిగింది. మీ ముంగట సూస్కోండ్రి."

హదస్సా బడి నుంచి తెచ్చిన చెక్క స్కేలు పట్టుకుని గోడ దగ్గరికి దిగింది. మూడడుగుల నాలుగంగుళాలు. నీళ్లు అక్కడ ఆగి ఉన్నాయి, ఎంతసేపు ఆగుతాయో తెలియదు. లోపల కాలేబు రెండు దిండ్లు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మంగళవారం మిషను మీద ఉండగా బీపీ పడిపోయి, సగంలోనే ఆపేశారు. మిగిలిన నీరంతా ఒంట్లోనే ఉంది. కాళ్లు వాచాయి. మాట మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటున్నాడు.

"ఎంతుంది?" అన్నాడు.

"మూడూ నాలుగు. బండి నాలుగడుగుల దాకా ఓపుతుందన్నారు మీరు."

"బండి ఓపుతది. నువ్వో?"

ఆమె వరండా ముందు ఎత్తు ర్యాంపు మీదికి రాత్రే ఎక్కించి పెట్టిన జీపు దగ్గరికి పోయి బానెట్ ఎత్తింది. నీళ్లు చిమ్మకుండా ఫ్యాన్ బెల్టు తీసి జేబులో పెట్టుకుంది. ఎదురునీళ్లు ఇంజను మీద పడకుండా బండి మూతికి టార్పాలిన్ కట్టింది. బండి అడుగున ఉన్న బిరడాలు పీకేసింది. చూసేవాళ్లకు అది పిచ్చి పనే. నీళ్లు లోపలికి రానివ్వకపోతే జీపు తేలుతుంది, తేలితే చక్రానికి నేల దొరకదు. కాలేబు సూదులు గుచ్చే ఎడమ చేతికి ప్లాస్టిక్ సంచి తొడిగి టేపు చుట్టి, వెనక సీటు మీద కూరగాయల డబ్బా వేసి, దాని మీద ఎత్తుగా కూర్చోబెట్టింది. స్టీరింగు మీద తల ఆనించి రెండు మాటల ప్రార్థన చేసుకుంది. దాటించు తండ్రీ. అంతే.

"లో గేరు. నడిచే మనిషి స్పీడు" అన్నాడు కాలేబు. "క్లచ్ మీద కాలు పెట్టకు, ప్లేట్ల నడుమకు నీళ్లు పోతయ్. ఏమైనా సరే ఆపకు. ఆగినమా, ఆగినట్టే."

జీపు వరండా ముందు నుంచి నీళ్లలోకి దిగింది. చన్నీళ్లు పాదాల్ని, పిక్కల్ని, మోకాళ్లని పట్టుకున్నాయి. మూతి ముందు నీళ్లు గుట్టగా లేచి, బండితో సమానంగా నడవసాగాయి. చెవి పక్కన గొట్టం గాలిని గుంజుకుంటున్న చప్పుడు. ఆ చప్పుడు ఉన్నంతసేపూ బతికున్నట్టే అనుకుంది హదస్సా.

"అలలు మా ఇంట్లకొస్తున్నయ్!" అని పైనుంచి కమలాబాయి అరిచింది. తర్వాత వెనకాల కూర్చున్న మనిషిని చూసినట్టుంది, "పో బిడ్డా, పో పో!" అని ఇంకా గట్టిగా అరిచింది.

సందు దాటాక గేటు కనపడింది. మూసి ఉంది. గేటు ముందు నడుం లోతు నీళ్లలో గొడుగు పట్టుకుని రామభద్రరావుగారు నిలబడి ఉన్నారు. పక్కనే బావమరిది అపార్ట్‌మెంటు, సెల్లార్ దారికి అడ్డంగా ఇసుక బస్తాలు. నీళ్లు సరిగ్గా బస్తాల అంచు దాకా వచ్చి ఆగి ఉన్నాయి.

"ఆపండి!" అని ఆయన గొడుగు ఊపారు. "అల లేస్తే సెల్లారంతా నిండుతుంది! ఆపమంటుంటే!"

హదస్సా కాలు తెలియకుండానే క్లచ్ మీదికి పోయింది. ఇరవై ఏళ్ల అలవాటు, ఎదుట మనిషి ఉంటే ఆపడం. "ఆపకు" అన్నాడు కాలేబు వెనకనుంచి. గొంతు లేదు, ఉత్త గాలి. ఆమె కాలు వెనక్కు తీసుకుంది.

"సార్, ఆపలేను!" అని అరిచింది. పెద్ద తరగతి వెనక బెంచీకి వినపడేలా అరవడం ఆమెకు వచ్చు. "ఆపితే బండి చస్తుంది! బండి చస్తే ఈయన చస్తాడు! మీరు జరగండి!"

ఆయన జరగలేదు. జీపు ఆగలేదు. మధ్యలో ఇంకా పది బారల దూరమే ఉంది. అప్పుడు గేటు పక్కనుంచి ఛాతీలోతు నీళ్లు తోసుకుంటూ వీరయ్య వచ్చాడు. పొట్టి మనిషి. గడియ లాగి, గేటుకు భుజం ఆనించి నెట్టడం మొదలుపెట్టాడు.

"వీరయ్యా! నీ ఉద్యోగం పోతుంది!"

"పోనియ్ సార్" అన్నాడు వీరయ్య. "రూమే పోయింది."

గేటు కదిలింది. రామభద్రరావుగారు ఆఖరి క్షణంలో పక్కకు దూకారు. గొడుగు తిరగబడి నీళ్ల మీద తేలుతూ పోయింది. జీపు గేటు దాటింది. వెనకాల అల మెత్తగా లేచి, ఇసుక బస్తాల మీదుగా సెల్లార్‌లోకి దిగిన చప్పుడు వినిపించింది. హదస్సా తల తిప్పలేదు. చూస్తే సంతోషం వేస్తుందేమోనని ఆమెకు భయం.

గేటు అవతలి పల్లమే అసలు గండం. జీపు ముక్కు దిగిపోయి, బానెట్ మీదికి నీళ్లెక్కాయి. హదస్సా నడుం దాకా మునిగి కూర్చుంది. ముందు రోడ్డు లేదు, నీళ్ల మీద గొట్టం నీడ ఒక్కటే. ఇంజను ఒకసారి దగ్గింది. బోల్టు బిగించిన చిల్లు కళ్ల ముందు మెదిలింది. ఆక్సిలరేటర్ మీద కాలు కదపకుండా, ఊపిరి బిగబట్టి, ఆమె గొట్టం చప్పుడు విన్నది. గుంజుతూనే ఉంది. తర్వాత ముక్కు మెల్లగా లేచింది. బానెట్ బయటపడింది. తలుపుల కింది నుంచి నీళ్లు ధారలుగా కారుతుండగా జీపు మెయిన్ రోడ్డెక్కింది.

పక్కకు ఆపి, బెల్టు తిరిగి తొడిగింది. ఆయిలు పుల్ల లాగి చూసింది.

"పాలు కలిసినయా?" అన్నాడు కాలేబు. నీళ్లు కలిస్తే ఆయిలు పాలచాయలా తెల్లబడుతుంది.

"లేదండీ. డికాషనే."

"అయితే నడువు" అని కళ్లు మూసుకున్నాడు.

ఆసుపత్రిలో బరువు తూస్తే ఒంట్లో మూడున్నర లీటర్ల నీళ్లు ఎక్కువున్నాయన్నారు. ఇంకో పూట ఆలస్యమైతే అని నర్సు ఏదో అనబోయి, నడుం దాకా తడిసి వణుకుతున్న హదస్సాను చూసి, టవలు తెచ్చి కప్పింది. మిషను తిరగడం మొదలైంది. గంట గడిచేసరికి కాలేబు ఊపిరి నెమ్మదించింది. దిండు ఒకటి తీసేయమన్నాడు. వెనక్కు వాలి పడుకున్నాడు. పడుకోగలిగాడు. అది చూసి హదస్సా టవల్లో ముఖం దాచుకుని, వేసవి నుంచీ దాచిన ఏడుపంతా ఏడ్చింది.

వారానికి నీళ్లు తీశాయి. సున్నం బకెట్లు దిగాయి. వాటితో పాటే సంఘం లెటర్‌హెడ్ మీద టైపు చేసిన కాగితం పట్టుకుని వీరయ్య వచ్చాడు. అతని ఉద్యోగం పోలేదు. ఆ నీళ్ల గదిలో ఉండటానికి ఇంకో మనిషి దొరకాలి కదా.

"నోటీసు టీచరమ్మా. సంతకం పెట్టుమన్నడు సారు."

హదస్సా వరండాలో నిలబడి పైకి చదివింది. "గత గురువారం ఉదయం సుమారు ఏడు గంటలకు, మన కాలనీ ప్రధాన రహదారిపై మూడడుగుల లోతున వరద నీరు ప్రవహిస్తుండగా, తాము జీపు నడిపి అలలు సృష్టించినందున, సెల్లార్‌లోకి నీరు చేరి నష్టం వాటిల్లినది..."

ఆగింది. మళ్లీ మొదటి నుంచి చదివింది. కింద రామభద్రరావుగారి సంతకం, దాని మీద గుండ్రటి ముద్ర. ఆరేళ్లుగా నీళ్లే రావన్న మనిషి, కోపంలో కళ్లు మూసుకుపోయి, వరద వచ్చిందని రాసి ముద్ర కొట్టి మరీ ఇంటికి పంపించారు.

కుర్చీలో కాలేబు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. "లెక్క తప్పు రాసిండు. నాలుగంగుళాలు తక్కువ."

హదస్సా అందినట్టు సంతకం పెట్టింది. సాయంత్రం ఆ నోటీసు నాలుగు కాపీలు తీయించింది. మూడు కాపీలు నాలా వెడల్పు చేయమని మూడు ఆఫీసులకు పెట్టిన అర్జీలకు కుట్టింది. నాలుగోది ప్లాస్టిక్ వేయించి, గోడ మీద మూడడుగుల నాలుగంగుళాల దగ్గర కొత్త ఎర్రగీత గీసి, తేదీ వేసి, సరిగ్గా దాని పక్కన మేకులు కొట్టి బిగించింది. సున్నం వేసేవాడు ఆ గోడ దాకా వచ్చి, కాగితం మీద ముద్ర చూసి, బకెట్టు ఎత్తుకుని ముందుకెళ్లిపోయాడు.

ఆదివారం ఫ్లాట్లు చూడ్డానికి వచ్చిన ఒక జంట జీపు దగ్గర ఆగింది. గొట్టం చూశారు, గోడ చూశారు, కాగితం చదివారు. అపార్ట్‌మెంటు వైపు వెళ్లకుండానే కారెక్కారు. వాళ్లు మలుపు తిరగకముందే రామభద్రరావుగారు వచ్చేశారు.

"అది తీసెయ్యమ్మా."

"ఎందుకండీ? మీరు రాసిందే కదా?"

ఆయన గోడ మీది గీతను, తన సంతకాన్ని మార్చి మార్చి చూశారు.

హదస్సా చెవి వెనక ఉన్న ఎర్రపెన్ను తీసింది. "లోతు నాలుగంగుళాలు తక్కువ వేశారు. దిద్దుతానంటే ఇదుగో పెన్ను."

ఆయన పెన్ను తీసుకోలేదు. ఆమె దాన్ని ఆయన ముందు అలాగే చాచి పట్టుకుని నిలబడింది.